నాలుగు వేళ్ల సందు

ముద్ర సంఖ్య 4417. ఓబులమ్మ, బ్యాటరీ పెట్టెల మేస్త్రీ, నల్లకొట్టాల. పని చిట్టా.

ఎండ 30వ రోజు. తెల్లవారి అయిదుకే 35 డిగ్రీలు.

ఇవాళ ఒకే పెట్టె. నా చేతి మీద 212వది. బడి వెనక వీధిలో కొత్తగా కాపురం పెట్టిన జంట ఇల్లు. గోడకు బండ ఆనించి, బండకు పెట్టె తగిలించి, పైకప్పు మీది సోలార్ పలకల తీగ కలిపి, ఆఖరి బోల్టు బిగించి ముద్ర వేసేసరికి తొమ్మిదిన్నర. నిబంధన ప్రకారం మూడు ముఖాలు పంపాను. పని మొదట్లో ఒక ఫోటో, నడుమ ఒకటి, ముగింపులో ఒకటి. మేస్త్రీ పని చోటే ఉన్నాడని, మరొకరి చేత చేయించి తాను నీడలో కూర్చోలేదని ముద్రలిచ్చే మండలికి రుజువు కావాలట. నీడ ఎక్కడుందో చెబితే నేనూ వెళ్లి కూర్చుంటాను.

పదికి సైరన్ మోగింది. ఊరు తలుపులేసుకుంది. సాయంత్రం అయిదు దాకా వీధిలో మనిషి కనపడకూడదు. ఇళ్లలో కూలర్లు తిరగాలన్నా, ఊరి చల్లగదిలో బాలింతలూ ముసలివాళ్లూ ఊపిరి తీసుకోవాలన్నా ఆ పెట్టెలే దిక్కు. బయటి నుంచి కరెంటు తెచ్చే స్తంభాలు పీకేసి పదిహేనేళ్లయింది. వాటితో ఇప్పుడు పందిళ్లు వేసుకుంటున్నాం.

మధ్యాహ్నం మండలి నోటీసు వచ్చింది. నేను బిగించిన 212 పెట్టెల వెనకా ఉన్నది ఆమోదిత జాబితాలోని సిమెంటు అట్ట కాదట, "గుర్తు తెలియని వస్తువు" అట. ఎండ 60వ రోజు ఉదయం పది లోపు సరిచేయకపోతే ముద్ర రద్దు.

గుర్తు తెలియని వస్తువు! మా నేల, మా అరుగు, మా బడి మెట్లు, చివరికి సమాధి మీద పరిచేది కూడా ఆ నల్లబండే. ఏడేళ్లుగా మండలి యంత్రం నా ఫోటోల్లో బండను చూసి సిమెంటు అట్ట అనుకుందట. ఈ ఏడు దానికి కొత్త కన్ను పెట్టారు, అది గుర్తుపట్టింది. నేను దాచింది లేదు. ఈ చిట్టాలో రోజూ "బండ" అనే రాశాను. ఎవరూ చదవలేదని ఇప్పుడు తెలిసింది.

ఎండ 32వ రోజు. 36 డిగ్రీలు.

నిద్ర లేదు. ముద్ర పోతే నా ఒక్కదాని కూడు పోవడం కాదు. ప్రతి పెట్టె కూడా రోజూ పొద్దున పదికి తన మేస్త్రీ ముద్ర బతికి ఉందా అని మండలిని అడుగుతుంది. లేదని జవాబొస్తే తాళం వేసుకుంటుంది. అంటే అరవయ్యో రోజు పదింటికి చల్లగదితో కలిపి 212 పెట్టెలూ ఒక్కసారే ఆగిపోతాయి. అప్పటికి బయట నలభై తొమ్మిది ఉంటుంది.

సిమెంటు అట్టలు తెప్పించుకోమంటారు. అడిగాను. అయిదు నెలలు పడుతుందన్నారు.

అలాగని నాకు నిబంధనల మీద కోపం లేదు. ఇది రాసి తీరాలి. పంతొమ్మిదేళ్ల కిందట, ముద్రలూ మండలీ లేని రోజుల్లో, గుడిసేలపల్లెలో ఎవడో పెట్టెను నేరుగా చెక్క గోడకు కొట్టాడు. ఆ వీధిలో కాలిపోయిన వాళ్లలో నా తమ్ముడు పుల్లయ్య ఉన్నాడు. నేను ఈ పని నేర్చుకున్నది అందుకే. మండలి వేలెత్తి చూపించినప్పుడు నొప్పి పుట్టింది కానీ, చూడడమే తప్పని అనలేను.

మా ఆయన లింగమయ్య క్వారీలో ముప్పై ఏళ్లు బండలు కోసినవాడు. మిషను మోతకు చెవులు సగం పోయాయి. నేను నిబంధనల పుస్తకం ముందేసుకుని గొణుక్కుంటుంటే దగ్గరికొచ్చాడు.

"ఏమ్మే, పుస్తకంతో కొట్లాడతాండావా?"

"పంతొమ్మిదో నిబంధన చూడు. జాబితాలో లేని వస్తువును మేస్త్రీనే అధికారి ముందర కాల్చి చూపించొచ్చంట. గంటసేపు మంట. వెనకపక్క వేడి నూటిరవై దాటకూడదంట."

"బండను కాల్చేదా?" అని నవ్వాడు. "అది పుట్టిందే భూమి కడుపులో. పిలుచు వాళ్లను."

పిలిచాను.

ఎండ 43వ రోజు. 37 డిగ్రీలు.

అధికారి వచ్చాడు. పేరు సత్యానందం. సముద్రం మింగేసిన దీవుల వైపు మనిషి. పొట్టిగా, మెత్తగా ఉన్నాడు. నేను పోట్లాటకు నాలుక నూరుకుని కూర్చున్నాను, ఆయనేమో రాగానే చేతులు జోడించాడు.

"అమ్మా, మీ చిట్టా మొత్తం చదివానండి. ఏడేళ్లదీ. ఎక్కడా అట్ట అని రాయలేదు మీరు. అంతటా బండ అనే ఉందండి."

నూరుకున్న నాలుక ఏం చేయాలో తోచలేదు. మజ్జిగ ఇచ్చాను. బడి గదిలో బస ఏర్పాటు చేశాం. రేపు పొద్దున ఆరింటికి బడి మైదానంలో పరీక్ష. లింగమయ్య ఎంచి ఎంచి ఒక బండ తెచ్చి, ఇనుప చట్రంలో నిలబెట్టి, మరో బండ చూడడానికి క్వారీకి వెళ్లాడు. ఇది చాలయ్యా అన్నా వినలేదు.

ఎండ 44వ రోజు. 37 డిగ్రీలు.

ఇరవై మూడో నిమిషంలో బండ పేలింది.

అంతకంటే రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నిబంధన నిబంధనే. బర్నర్లు వెలిగించాక బండ మెల్లగా బూడిద రంగులోకి మారింది. జనం గోడ మీద వరసగా కూర్చుని సినిమా చూసినట్టు చూస్తున్నారు. ఉన్నట్టుండి ఢామ్మని శబ్దం. పెచ్చు ఒకటి ఎగిరి నీళ్ల డ్రమ్ముకు తగిలింది. మనుషులకేమీ కాలేదు. సత్యానందం గారు కాగితం మీద "విఫలం" అని రాసేటప్పుడు నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ముద్ర గురించి కాదు. నా 212 ఇళ్లలో ఏ ఒక్క పెట్టె అంటుకున్నా ఆ బండ అలాగే పేలేదన్నమాట. ఏడేళ్లుగా నేను కాపలా పెట్టింది ఇదా? పుల్లయ్య గుర్తొచ్చాడు.

ఎండ 45వ రోజు. 38 డిగ్రీలు.

లింగమయ్య రాత్రే తిరిగొచ్చాడట. పొద్దున్నే మైదానంలో కూర్చుని ముక్కలు ఏరుతున్నాడు. ఒక్కో ముక్కను వేలి కణుపుతో కొట్టి, మంచి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత నన్నూ సత్యానందం గారినీ పిలిచాడు.

"నేను నిలబెట్టి పోయినప్పుడు ఈ బండ గంట మాదిరి పలికింది. ఇప్పుడు చూడు, మొద్దుగా ఉండాది. నీళ్లు తాగిందిది. పొరల్లో నీళ్లుంటే మంటకు ఆవిరై పగలగొడ్తాది. ఎవురు కడిగినారు దీన్ని?"

అప్పటికి చుట్టూ జనం చేరారు. వాళ్లలోంచి మా పక్కింటి హుస్సేన్‌బీ ముందుకొచ్చింది. చల్లగది చూసుకునేది ఆమే.

"నేనే ఓబులక్కా. పట్నం నుంచి ఆఫీసరు వస్తాండాడు, మన బండ దుమ్ముకొట్టుకోని ఉంటే ఏం బాగుంటాదని, తెల్లారుజామున నాలుగు బిందెలు పోసి పీచేసి రుద్దినా. మంచికే చేసినా. నా చేతులు ఇరగ."

ఆ బండ కింద ఎవరో ముగ్గు కూడా వేశారని అప్పుడు గుర్తొచ్చింది. చుట్టం వస్తున్నాడంటే ముందు నేల కడిగే ఊరు మాది. అగ్నిపరీక్షకు వెళ్లే బండకు తలంటు పోశారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సత్యానందం గారి మొహం మాత్రం వెలిగింది. "అయితే నిన్నటి పరీక్ష చెల్లదండి. నమూనా తడిసిందని రాస్తాను. ఎండిన బండతో మళ్లీ చేద్దాం. ఇలాంటప్పుడు ఇంకో అవకాశం ఉందండి."

జనం చప్పట్లు కొట్టారు. లింగమయ్య తెచ్చిన రెండో బండ ఎముకలా ఎండి ఉంది. ఊ అంటే చాలు, గెలిచేవాళ్లమే.

"వద్దు సార్," అన్నాను.

"ఏమ్మే, తల తిరిగిందా?" అన్నాడు లింగమయ్య. "గెలిచే పందెం వదులుకుంటావా?"

"పండగొస్తే ఈ ఊళ్లో కడగని గోడ యాడుందయ్యా? పెట్టె దగ్గరి బండను కూడా కడుగుతారు. వద్దని నేను చెప్తా, సరేనంటారు, మళ్లీ కడుగుతారు. ఎండిన బండతో గెలిస్తే కాగితం గెలుస్తాది. తడి బండ ఇంట్లోనే ఉంటాది."

చప్పట్లు ఆగిపోయాయి. కొందరు నన్ను తిట్టుకున్నారు, వినపడింది. సత్యానందం గారు కలం మూసి, "మరేం చేస్తారమ్మా?" అన్నారు.

"తెలీదు సార్. నాలుగు దినాలివ్వండి."

ఎండ 46వ రోజు. 38 డిగ్రీలు.

సంకటి కెలుకుతుంటే తోచింది.

మా అత్త వంటింట్లో పొయ్యి వెనక ఒక బండ కాదు, రెండు బండలుండేవి. మధ్యలో చెయ్యి పట్టేంత సందు. అవతలి గదిలో వడ్ల బస్తాలు. పొయ్యి రోజంతా మండేది, అయినా అవతల ఆ రెండో బండకు ఆనుకుని మా పిల్లి హాయిగా పడుకునేది. పిల్లికి తెలిసిన సంగతి ముద్ర ఉన్న మేస్త్రీకి ఏడేళ్లు తోచలేదు.

ముందు బండ పగిలితే పగలనీ. సందులోంచి వేడి పైకి పోతుంది. వెనక బండ గోడను కాస్తుంది. పెట్టె బరువు పడే ఇనుప కొక్కేలు వెనక బండలోకే దిగుతాయి కాబట్టి పెట్టె కింద పడదు. సంకటి అడుగంటింది. లింగమయ్య దాన్నే తిన్నాడు, పాపం.

ఎండ 49వ రోజు. 39 డిగ్రీలు.

రెండో పరీక్ష. ఈసారి మైదానంలో అందరి ముందూ హుస్సేన్‌బీ చేతికి బిందె ఇచ్చాను.

"నా చేత మళ్లీ ఎందుకక్కా?"

"నీ అంత బాగా ఎవురూ కడగలేరు. నీళ్లు పొయ్యి."

రెండు బండల మీదా నాలుగేసి బిందెలు పోసి, మళ్లీ పీచుతో రుద్దింది. ముగ్గు కూడా వేయించాను. సత్యానందం గారు బర్నర్లు వెలిగించారు.

ఇరవై ఆరో నిమిషంలో ముందు బండ పేలింది. గోడ మీది జనం ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. నేను వెనక బండకు అంటించిన వేడి మీటరు మీద నుంచి కన్ను తీయలేదు. నలభై ఒకటి. నలభై నిమిషాలకు యాభై రెండు. గంట ముగిసేసరికి అరవై నాలుగు. నూటిరవైలో సగం దాటి కాస్త, అంతే! లింగమయ్య వెనక బండను వేలితో కొట్టి విని, "చెక్కు చెదర్లేదు," అని అరిచాడు. చెవిటివాళ్లు మెల్లగా అరవలేరు కదా, పక్క ఊరికి కూడా వినబడి ఉంటుంది.

"సందు ఎంతండి?" అన్నారు సత్యానందం గారు కలం తీసి.

"నాలుగు వేళ్లు."

"మిల్లీమీటర్లలో ఎంతండి?"

బొటనవేలు మడిచి చెయ్యి చాపాను. ఆయన టేపు పెట్టి కొలిచారు. డెబ్బై నాలుగు.

అయితే "సఫలం" అన్న మాట కింద ఆయన రాసిన చివరి వాక్యం చదివాక నా నవ్వు సగంలో ఆగింది. గడువు మారదు. అరవయ్యో రోజు పది లోపు 212 ఇళ్లలోనూ రెండో బండ నిలబడాలి. మోసేవాళ్లు ఎవరైనా కావచ్చు, కానీ ప్రతి ఇంట్లో మూడు ముఖాలూ నావే, ఆఖరి బోల్టు బిగించే చెయ్యీ నాదే. ఉన్నవి పది రోజులూ ఒక పూట.

"గడువు పెంచే అధికారం నాకు లేదమ్మా," అన్నారు. "ఉంటే..."

"తెలుసు సార్. మజ్జిగ తాగి వెళ్లండి."

ఎండ 50వ రోజు. 39 డిగ్రీలు.

పద్నాలుగు ఇళ్లు. చాలదు. రోజుకు ఇరవై దాటాలి.

సగం పొద్దు యంత్రం కన్నుతోనే సరిపోయింది. తలగుడ్డ తీయమంటుంది. తీస్తే చెమట తుడవమంటుంది. తుడిస్తే ముఖం మారిందంటుంది. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇన్ని తిప్పలు పెట్టలేదు.

ఎండ 53వ రోజు. 40 డిగ్రీలు.

డెబ్బై ఒకటి పూర్తి. పని ఒక దారిన పడింది. తెల్లవారి నాలుగున్నర నుంచి పది దాకా, సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా. లింగమయ్య, క్వారీ పాత జట్టు నాకంటే ముందే పక్క వీధిలో బండలు కోసి, కన్నాలు వేసి సిద్ధంగా పెడతారు. నేను వెళ్లేసరికి నలుగురు నిలబడి ఉంటారు. మొదటి ముఖం. పెట్టె దింపి వెనక బండ నిలబెడతారు. కొక్కేలు దిగాక ముందు బండ నిలబెడితే నా చెయ్యి పెట్టి సందు కొలుస్తాను. రెండో ముఖం. పెట్టె, తీగలు. ఆఖరి బోల్టు. మూడో ముఖం. ఇరవై నిమిషాలు.

క్వారీ మూతపడి ఏళ్లయింది. మరి ఇన్ని బండలు ఎక్కడివి? ఎవరి ఇంటి బండ వాళ్లే పీకారు. అరుగులు పోయాయి, గడపల ముందరి మెట్లు పోయాయి. బస్సు కోసం కూర్చునే బెంచీ రెండు ఇళ్లకు సరిపోయింది. సర్పంచి అటువైపు చూడకుండా వెళ్లాడు, తర్వాత ఆయనే తన అరుగు పీకించాడు. మొన్న నన్ను తిట్టుకున్నవాళ్లే ఇవాళ వరసలో ముందున్నారు. నాకు గర్వంగా ఉంది. రాస్తున్నాను, ఎవరు చదివినా సరే.

ఎండ 57వ రోజు. 41 డిగ్రీలు.

నూట యాభై ఎనిమిది. రాత్రి నుంచి నాకు వడదెబ్బ జ్వరం. పొద్దున లేచి నిలబడితే కాళ్లు నావి కావు.

"పండుకో," అన్నాడు లింగమయ్య.

"నా ముఖం నువ్వు చూపిస్తావా?"

ఆయన బయటికి వెళ్లి ఏం చెప్పాడో, నలుగురు నులకమంచం పట్టుకొచ్చారు. నన్ను దాని మీద కూర్చోబెట్టి ఇంటింటికీ మోశారు. హుస్సేన్‌బీ పక్కన నడుస్తూ తడిగుడ్డ మార్చింది.

"నలుగురు మోస్తాంటే ఏమనుకుంటారో," అన్నాను.

"మోసేటప్పుడు మాట్లాడేవాళ్లు శవాలు కారులే అక్కా," అంది ఆమె.

ప్రతి ఇంటి దగ్గరా మంచం దించేవారు. లోపలికి నడిపించుకెళ్తే చెయ్యి సందులో పెట్టి చూసి, బోల్టు బిగించి, యంత్రానికి ముఖం చూపించేదాన్ని. ఇరవై రెండు ఇళ్లు. ఒక్క సందూ తప్పలేదు.

ఎండ 60వ రోజు. 42 డిగ్రీలు.

నిన్నటికి 203. మిగిలినవి తొమ్మిది. నాలుగున్నరకే మొదలుపెట్టినా, యంత్రం కన్ను రెండు గంటలు మొరాయించడంతో ఎనిమిది ముగించేసరికి తొమ్మిదీ ఇరవై. తొమ్మిదోది మా ఇల్లు. కావాలనే చివరికి ఉంచాను.

ఇంటికొచ్చి చూస్తే రెండో బండ లేదు.

"మొన్న పంతులమ్మ ఇంట్లో బండ చీలిందని మనది ఇచ్చేసినా," అన్నాడు లింగమయ్య, నెత్తి గోక్కుంటూ. "ఇంకోటి దొరుకుతాదిలే అనుకున్నా."

ముప్పై ఏళ్లు బండలు కోసినవాడి ఇంట్లో బండ లేదు. ఒక్క పెట్టె మిగిలినా ముద్ర రద్దే. ముద్ర పోతే 212 పెట్టెలకూ తాళమే. అరవడానికి ఓపిక లేదు. జట్టువాళ్లు తలా ఒక దిక్కుకు పరిగెత్తారు. ఊళ్లో పీకడానికి ఏం మిగిలిందని? తొమ్మిదిన్నర. గుమ్మంలో కూలబడ్డాను. ఇన్ని ఇళ్లు నిలబెట్టి మా ఇంటి దగ్గర పడిపోయాననుకున్నాను.

అప్పుడు పెరటి దారిన చక్రాల బండి చప్పుడు. హుస్సేన్‌బీ నెడుతోంది. బండి మీద బండ. వాళ్ల పెరట్లో ఉతికే బండ అది. ఇరవై ఏళ్ల ఉతుకుడుకు నడుమ నున్నగా మెరుస్తోంది.

"వద్దు హుస్సేన్‌బీ, నాలుగు బిందెలంటే సరే, అది ఏండ్ల తరబడి నానింది..."

"కొట్టి చూడన్నా," అంది లింగమయ్యతో.

ఆయన వేలి కణుపుతో కొట్టాడు. గంటలా పలికింది. నా సగం ప్రాణం అక్కడే తిరిగొచ్చింది.

"పదహైదు దినాలైంది దీని మీద గుడ్డ ఉతికి. ఆ బండ పేలిన నాటి నుంచి సుక్క నీళ్లు పడనీలే. గుడ్డలన్నీ వాగుకాడికి మోస్తాండా. యాడో ఒకచోట తక్కువ పడ్తాదని నాకు అనిపించింది." చెయ్యి నెత్తిన పెట్టుకుంది. "కడగలేదక్కా. ఒట్టు."

నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి, రెండూ కలిసి వచ్చాయి. ఇరవై నిమిషాల పని పద్నాలుగు నిమిషాల్లో చేశాం. సందులో చెయ్యి పెట్టాను. నాలుగు వేళ్లూ ఒరుసుకుని దిగాయి. ఆఖరి బోల్టు. మూడో ముఖం తొమ్మిదీ యాభై రెండుకు. ఈసారి యంత్రం చెమట తుడవమనలేదు.

పదికి సైరన్ మోగింది. తలుపు సందులోంచి వీధి చూస్తూ నిలబడ్డాను. ఒక్క పెట్టె కూడా ఆగలేదు. వీధంతా కూలర్ల చప్పుడే. లింగమయ్యకు వినపడదు కదా, అందుకని ఆయన చెయ్యి పట్టుకుని మా కూలరు మీద ఆనించాను. "తిరుగుతాంది," అన్నాడు. చాలాసేపు చెయ్యి తీయలేదు.

ఎండ 71వ రోజు. 40 డిగ్రీలు.

మండలి కొత్త జాబితా వచ్చింది. ముప్పై ఎనిమిదో వస్తువు: "నల్లబండలు రెండు, నడుమ నాలుగు వేళ్ల సందు. ముద్ర 4417 చేతి కొలత, 74 మిల్లీమీటర్లు. తడిసినా చెల్లును." ఆ చివరి రెండు మాటలూ సత్యానందం గారివే అయ్యుంటాయి. పద్నాలుగు ఊళ్ల మేస్త్రీలు సందు కొలవడం నేర్చుకోడానికి వస్తామని రాశారు.

"ఇంక రాజ్యంలో ప్రతి గోడ ఎనకా నీ చెయ్యే ఉంటాది," అని లింగమయ్య ఒకటే నవ్వు.

ఇవాళ్టి పని: పెట్టెలు లేవు. మూసేసిన క్వారీ అడుగున లింగమయ్య వెతికి తెచ్చిన మంచి బండను హుస్సేన్‌బీ పెరట్లో ఉతకడానికి వేశాం. మొదటి బిందె నేనే పోశాను. మూడు ముఖాలు పంపుతున్నాను. మండలికి వీటితో పని లేదు, ఉంచుకోండి. మూడింటిలోనూ హుస్సేన్‌బీ, నేను ఇద్దరం ఉన్నాం, ఇద్దరం తడిసి ఉన్నాం.